ఒగ్‌బెచే: పారిస్ నుంచి గచ్చిబౌలి దాకా పదహారు క్లబ్బులు

#1 గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ

హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశ ఫుట్‌బాల్ లీగ్) కప్పు కొట్టిన సీజన్ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా, స్ట్రైకర్ ఒగ్‌బెచే కొట్టిన 18 గోల్స్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. 2021-22లో ఆ గోల్స్ కొట్టేనాటికి ఆయనకు 37 ఏళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఎక్కడెక్కడ ఆడాడు, ఎందుకు అన్ని చోట్లు మారాడు అన్నది మన మధ్య పెద్దగా చర్చకు రాలేదు. అందుకే ఈ థ్రెడ్.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. బార్తొలోమ్యూ ఒగ్‌బెచే 1984 అక్టోబరు 1న నైజీరియాలోని ఒగోజాలో పుట్టాడు. టీనేజ్‌లోనే పారిస్ వెళ్ళి పీఎస్‌జీలో (పారిస్ సెయింట్ జర్మేన్) చేరాడు. అక్కడినుంచి లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, బాస్తియా, మెట్జ్. తర్వాత యూఏఈలో అల్ జజీరా. స్పెయిన్‌లో అలవేస్, వల్లడోలిడ్, కాడిజ్. గ్రీసులో కవాలా, ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో, మళ్ళీ స్పెయిన్‌లో హెరెజ్. నెదర్లాండ్స్‌లో కాంబ్యూర్, విల్లెమ్ టూ. చివరికి మన దేశంలో నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబై, హైదరాబాద్. ఏడు దేశాలు, పదహారు క్లబ్బులు. పై డివిజన్‌లో ఆడాడు, రెండో డివిజన్‌లో ఆడాడు, కిందికి జారిపోతున్న జట్లలోనూ ఆడాడు.

నా మాట ముందే చెప్పేస్తా. ఇలాంటి కెరీర్‌ని మనం తక్కువగా చూస్తున్నాం. ఒకే క్లబ్బులో పదిహేనేళ్ళు ఉన్నవాడికి విగ్రహం కడతారు. ఏడాదికో ఊరికి వెళ్ళి, తెలియని భాషలో, తెలియని కోచ్ కింద, మళ్ళీ మొదటినుంచి చోటు సంపాదించుకున్నవాడిని మాత్రం 'నిలకడ లేనివాడు' అంటారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మీరేమంటారు?

#2 వైజాగ్_వింగర్

అన్నా, గౌరవం విషయంలో నాకేం పేచీ లేదు. కానీ ఒక మాట సూటిగా అడుగుతా. 2002 ప్రపంచకప్‌లో, జూన్ 2న కషిమాలో, అర్జెంటీనా మీద నైజీరియా మొదటి పదకొండు మందిలో ఈయన ఉన్నాడు. అప్పటికి 17 ఏళ్ళు. ఎదురుగా బటిస్టూటా, వెరోన్. క్లబ్బులోనేమో ఒకోచా, రొనాల్డినోలతో కలిసి ప్రాక్టీసు. అలా మొదలైనవాడు పదేళ్ళ తర్వాత స్పెయిన్ రెండో డివిజన్‌లో అట్టడుగు జట్టులో తేలాడంటే ఎక్కడో ఏదో తప్పింది కదా? నైజీరియాకు మొత్తం 11 మ్యాచ్‌లే ఆడాడు. ఐఎస్‌ఎల్ గోల్స్ చూసి ముందు జరిగిందంతా మర్చిపోతే ఎలా?

#3 లెక్కల_మాస్టారు

ముందు ఐఎస్‌ఎల్ లెక్క ఒకచోట పెట్టేస్తాను, తర్వాత వాదించుకోవచ్చు. నార్త్‌ఈస్ట్‌కు 2018-19లో 12. కేరళకు 2019-20లో 15. ముంబైకి 2020-21లో 8. హైదరాబాద్‌కు 2021-22లో 18, 2022-23లో 10. మొత్తం 63. గోవా స్ట్రైకర్ కోరో 48 గోల్స్ రికార్డును దాటింది మన జెర్సీలోనే. 2019-20లో వాల్స్‌కిస్, రాయ్ కృష్ణ, ఒగ్‌బెచే ముగ్గురూ 15 దగ్గర ఆగారు, గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే బహుమతి) వాల్స్‌కిస్‌కు వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత అది ఈయన చేతికి వచ్చింది.

ఈ 63 గోల్స్‌లో ఒక్కటి కూడా 34 ఏళ్ళు నిండక ముందు కొట్టినది కాదు. నార్త్‌ఈస్ట్ తరఫున ఆయన మొదటి మ్యాచ్ 2018 అక్టోబరు 1న గోవాతో. సరిగ్గా ఆయన 34వ పుట్టినరోజు. ఆ మ్యాచ్‌లోనే ఖాతా తెరిచాడు.

#4 మాంచెస్టర్_అక్క

@వైజాగ్_వింగర్ తమ్ముడూ, 'ఎక్కడో ఏదో తప్పింది' అన్నావు కాబట్టి నేను ఇక్కడ చూసే ఫుట్‌బాల్ గురించి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఇంగ్లండ్‌లో పైన ఉండేది ప్రీమియర్ లీగ్ ఒక్కటే అయినా, దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, వాటి కింద లీగ్‌లో లేని జట్ల డివిజన్లు ఊరూరా ఉంటాయి. పైనున్న నాలుగింటిలోనే 92 క్లబ్బులు. వీటిలో ఆడే వాళ్ళలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళ కాంట్రాక్టులే. జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుంది. సీజన్ అయిపోగానే క్లబ్బు ఒక జాబితా విడుదల చేస్తుంది, ఎవరిని ఉంచుకుంటున్నారు, ఎవరిని పంపేస్తున్నారు అని. ఆ జాబితాలో పేరు లేకపోతే పిల్లల స్కూలు, ఇంటి అద్దె, అన్నీ మళ్ళీ మొదటికి. ఇష్టం కొద్దీ ఊళ్ళు తిరిగేవాళ్ళు చాలా తక్కువ.

రికీ లాంబర్ట్ పేరు వినే ఉంటారు. లివర్‌పూల్ పక్కన కర్క్‌బీలో పుట్టాడు. చిన్నప్పటినుంచి లివర్‌పూల్ అకాడమీలోనే ఉన్నాడు. పదిహేనేళ్ళకు పంపేశారు. బ్లాక్‌పూల్‌లో చేరాడు, అక్కడా వదిలేశారు. చేతిలో క్లబ్బు లేక బీట్‌రూట్ ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పనికి వెళ్ళాడు, రోజుకు 20 పౌండ్లు. అక్కడినుంచి మాకల్స్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్. అప్పటిదాకా మూడో డివిజన్, నాలుగో డివిజన్ దాటింది లేదు. మొదట్లో అతన్ని మిడ్‌ఫీల్డ్‌లో ఆడించేవారు, అసలు స్ట్రైకర్ అని తేలడానికే కొన్నేళ్ళు పట్టింది.

2009లో సౌతాంప్టన్ కొన్నది. అప్పుడు సౌతాంప్టన్ మూడో డివిజన్‌లో ఉంది, పైగా అప్పుల్లో దివాలా దశకు చేరినందుకు శిక్షగా మైనస్ 10 పాయింట్లతో సీజన్ మొదలుపెట్టింది. మూడేళ్ళలో ఆ క్లబ్బు, అతను కలిసే ప్రీమియర్ లీగ్‌కు ఎక్కారు. అక్కడ మొదటి సీజన్‌లోనే 15 గోల్స్. సౌతాంప్టన్‌కు 34 పెనాల్టీలు కొట్టాడు, ముప్పై నాలుగూ గోలే.

2013 ఆగస్టులో ఇంగ్లండ్ జట్టునుంచి పిలుపు వచ్చిన రోజే అతనికి మూడో బిడ్డ పుట్టింది. వెంబ్లీలో స్కాట్లాండ్‌తో మ్యాచ్, స్కోరు 2-2. రూనీ స్థానంలో దిగాడు. మూడు నిమిషాలు కూడా కాలేదు, బెయిన్స్ కార్నర్ కొట్టాడు. లాంబర్ట్ తన మీదున్న డిఫెండర్ కంటే అరడుగు వెనక నిలబడి, బంతి గాల్లో ఉండగా పరుగందుకుని తలతో కొట్టాడు. దేశం తరఫున అతను బంతిని తాకింది అదే మొదటిసారి. ఇంగ్లండ్ 3-2తో గెలిచింది. అప్పుడు అతనికి 31 ఏళ్ళు.

బ్లాక్‌పూల్ వదిలేసిన రోజు అతని గురించి అందరూ అనుకున్నది కూడా నువ్వు రాసిన మాటే తమ్ముడూ.

#5 వైజాగ్_వింగర్

అక్కా, లాంబర్ట్ కింద నుంచి పైకి ఎక్కాడు. ఒగ్‌బెచే పైనుంచి కిందికి దిగాడు. రెండూ ఒకటి ఎలా అవుతాయి? ఎక్కేవాడి కథ అందరికీ నచ్చుతుంది. నేనడుగుతున్నది దిగినవాడి గురించి.

#6 గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ

మంచి ప్రశ్న. 'దిగాడు' అనే ముందు ఆ క్లబ్బుల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం.

అలవేస్‌కు వెళ్ళేనాటికి ఆ క్లబ్బు లా లిగా (స్పెయిన్ పై డివిజన్) నుంచి అప్పుడే రెండో డివిజన్‌కు పడింది. అక్కడినుంచి ఆయన వల్లడోలిడ్‌కు వెళ్ళాడు, అంటే మళ్ళీ లా లిగా. మెండిలిబార్ కోచింగ్‌లో రెండు సీజన్లు ఉన్నాడు. కాడిజ్ 2010లో రెండో డివిజన్ నుంచి మూడోదానికి పడిపోయింది. కవాలా సంగతి ఇంకా అన్యాయం. 2011లో గ్రీసు మొత్తాన్నీ కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో ఆ క్లబ్బునే లీగ్‌నుంచి కిందికి నెట్టేశారు. హెరెజ్ 2013లో పడిపోయింది, తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది.

ఒక స్ట్రైకర్ కెరీర్‌లో ఇన్ని క్లబ్బులు ఆయన కాళ్ళ కిందే కూలిపోతే, ఆయన ఎక్కడ స్థిరపడాలి? కాంట్రాక్టు ఇచ్చిన క్లబ్బే లేకుండా పోతే ఊరు మారక ఏం చేస్తాడు?

#7 బెజవాడ_బూట్స్

ఆటగాళ్ళదేముంది, క్లబ్బులే ఊళ్ళు మారుతున్నాయి. 2019లో పుణె సిటీ ఖాళీ చేసిన చోటులోకే హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. మనం గొంతు చించుకుని అరిచిన జట్టు ఏడేళ్ళు కూడా మన ఊళ్ళో ఉండలేదు. నిలకడ ఎవరికి లేదో అప్పుడే అర్థమైంది నాకు.

#8 బొల్లారం_బ్యాక్‌లైన్

అందరికీ నమస్కారం. నేను చూసిన రోజుల గురించి కొంచెం చెప్తా.

మా తరం వాళ్ళకు క్లబ్బు మారుడంటే ఉద్యోగం మారుడే. పోలీసు జట్టు, రైల్వే జట్టు, బ్యాంకు జట్టు, ఏదో ఒక డిపార్ట్‌మెంటు. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసు, నెలాఖరుకు జీతం. గోల్ కొట్టినా కొట్టకపోయినా జీతం ఆగదు. అందుకే ఒక్క జట్టులోనే ఇరవై ఏళ్ళు గడిచేది. అది విధేయత అనుకుంటరు బయటివాళ్ళు. పింఛను వస్తదన్న ధైర్యం కూడా అందులో ఉండేది.

ఆ ధైర్యం వదులుకుని పోయినోళ్ళు కూడా మన దగ్గర ఉన్నరు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ పోయిండు. అప్పటికే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడి వచ్చిండు, రహీం సాబ్ కోచింగ్‌లో. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కలకత్తా పోయిన్రు. అమల్‌రాజ్ అయితే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిండు. అక్కడి జనం ఆ మూడు జట్ల కోసం ఇళ్ళల్లనే గొడవలు పడుతరు. అసుంటి చోట ముగ్గురి దగ్గరా మెప్పు పొందుడు మామూలు సంగతి కాదు.

నేను ఆడిన జట్టు పేరు చెప్పను. ఒక ఏడాది సీజన్ మధ్యలో జట్టునే మూసేసిన్రు, సామాను గదికి తాళం వేసిన్రు. ఉద్యోగం ఉండె కాబట్టి ఇల్లు గడిచింది, ఆట మాత్రం అక్కడితో అయిపోయింది. కొత్త జట్టులో చోటు అడుగుదామంటే కాళ్ళు రాలే. 28 ఏళ్ళకే నాకు ఆ ధైర్యం లేకపోయె. ఈ మనిషి 37 ఏళ్ళకు నాలుగో భారత క్లబ్బులో కొత్త కోడలి లెక్క అడుగుపెట్టి, సీజన్ ఆఖరుకు ఇంటి పెత్తనం చేతిలోకి తీసుకున్నడు. దిగిండా ఎక్కిండా అన్నది నాకు తెల్వదు గాని, ఆ గుండె నాకు లేకుండె.

#9 వైజాగ్_వింగర్

@బొల్లారం_బ్యాక్‌లైన్ సార్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ జట్టు గురించి వీలుంటే ఇంకో థ్రెడ్‌లో వివరంగా రాయండి, ఇలాంటివి ఎక్కడా దొరకవు.

నా ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. పదిహేడేళ్ళకు ప్రపంచకప్ ఆడినవాడు ఇరవై అయిదులో ఎందుకు పెద్ద క్లబ్బులో లేడు?

#10 లెక్కల_మాస్టారు

దీనికి జవాబు సగం ఆయన వయసులోనే ఉంది. 2002లో నైజీరియా కోచ్ ఒనిగ్‌బిండే చాలామంది సీనియర్లను పక్కనపెట్టి జట్టును కొత్తగా కట్టాడు. అందుకే ఒగ్‌బెచే, ఒపబున్మి లాంటి 17 ఏళ్ళ పిల్లలు అంత పెద్ద వేదిక ఎక్కారు. ఆ జట్టు అర్జెంటీనా, స్వీడన్ చేతుల్లో ఓడి, ఇంగ్లండ్‌తో డ్రా చేసుకుని ఇంటికొచ్చింది. అంత చిన్న వయసులో అక్కడ కనిపించినవాడి మీద 'కాబోయే సూపర్ స్టార్' ముద్ర పడుతుంది. తర్వాత వాడు మంచి ప్రొఫెషనల్‌గా ఇరవై ఏళ్ళు ఆడినా, ఆ ముద్రతో పోల్చి చూస్తే వెలితిగానే కనిపిస్తాడు. ఆ ముద్ర వేసింది మనం, మోసింది ఆయన.

మిగతా సగం బోస్మన్ తీర్పు తర్వాత మారిన మార్కెట్. 1995 డిసెంబరులో యూరోపియన్ కోర్టు ఆ తీర్పు ఇచ్చేదాకా, కాంట్రాక్టు ముగిసిన ఆటగాణ్ణి కూడా పాత క్లబ్బు డబ్బు తీసుకోకుండా వదిలేది కాదు. ఆ తర్వాత ఆటగాడు ఉచితంగా వెళ్ళిపోవచ్చు. పై స్థాయి ఆటగాడికి అది వరం. ఇరవై వేలమందిలో ఒకడిగా ఉన్న మామూలు స్ట్రైకర్‌కు మాత్రం ప్రతి జూన్ ఒక పరీక్షే. క్లబ్బు చేతిలో చవగ్గా దొరికే స్ట్రైకర్లు పదిమంది ఉంటే ఎవరితోనూ మూడేళ్ళ కాంట్రాక్టు రాసుకోదు.

#11 మాంచెస్టర్_అక్క

మాస్టారు చెప్పినది నూటికి నూరుపాళ్ళు. దానికి తోడు ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు, ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. టోనీ ఫోర్డ్ 1975లో గ్రిమ్స్‌బీకి మొదలుపెట్టి 2001లో రోచ్‌డేల్‌లో ఆపాడు. 931 లీగ్ మ్యాచ్‌లు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో గోల్‌కీపర్ కాని ఆటగాళ్ళలో అదే రికార్డు. ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గోల్‌కీపర్ జాన్ బరిడ్జ్ అయితే లెక్కలేనన్ని క్లబ్బులు తిరిగి, 43 ఏళ్ళ వయసులో మాంచెస్టర్ సిటీ తరఫున ప్రీమియర్ లీగ్‌లో దిగాడు. తర్వాత ఒమన్‌లో కోచ్‌గా ఉంటూ గోల్‌కీపర్ అలీ అల్ హబ్సీని కనిపెట్టి ఇక్కడికి వచ్చేలా చేసింది ఆయనే. ఊళ్ళు తిరిగినవాడికి ఎవరు ఎక్కడ పనికొస్తారో తెలుస్తుంది.

ఉరుగ్వే స్ట్రైకర్ అబ్రేయూ గురించి ఎవరైనా వేరే రాయండి. ముప్పైకి పైగా క్లబ్బులు ఆయనవి.

#12 బెజవాడ_బూట్స్

అందరూ ఒకవైపే ఉన్నారు కాబట్టి రెండోవైపు నేను మాట్లాడతా. ఒగ్‌బెచే మీద నాకు ప్రేమే. కానీ 34 దాటిన విదేశీ స్ట్రైకర్లకు మన లీగ్ ఇంత సులువుగా తలుపు తెరిచి ఉంచడం వల్ల నష్టపోయింది మన నంబర్ నైన్‌లు, అంటే మన స్ట్రైకర్లు. ప్రతి క్లబ్బూ గోల్స్ కొట్టే పని విదేశీయుడికి అప్పజెప్పి, మన కుర్రాళ్ళను వింగ్ మీదికో బెంచ్ మీదికో పంపింది. ఫలితం జాతీయ జట్టులో చూస్తున్నాం. సునీల్ ఛెత్రీ తర్వాత ఎవరు అంటే పదేళ్ళుగా ఒకటే నిశ్శబ్దం. 2024లో రిటైర్ అయినవాణ్ణి 2025లో మళ్ళీ పిలిపించుకున్నాం.

2021-22లో మైదానంలో విదేశీయుల సంఖ్య అయిదు నుంచి నాలుగుకు తగ్గించారు. అయినా ఆ నలుగురిలో ఒకడు స్ట్రైకరే.

#13 గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ

@బెజవాడ_బూట్స్ నీ బాధ నిజమే. కానీ ఆ తప్పు ఒగ్‌బెచేది కాదు, క్లబ్బులది. ఇంకోటి గమనించావా? నువ్వు చెప్పిన ఛెత్రీది కూడా అచ్చం ఇలాంటి కెరీరే. మన సికింద్రాబాద్‌లోనే పుట్టాడు, 1984 ఆగస్టు 3న. ఒగ్‌బెచే కంటే రెండు నెలలు పెద్ద. మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, అమెరికాలో కాన్సాస్ సిటీ, చిరాగ్ యునైటెడ్, మళ్ళీ మోహన్ బగాన్, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ బీ జట్టు, చర్చిల్ బ్రదర్స్. బెంగళూరు దొరికేదాకా ఆయనా తిరిగినవాడే. ఆయన్ను ఎవరూ నిలకడ లేనివాడు అనలేదు, అనకూడదు కూడా.

ఒగ్‌బెచే 63 గోల్స్ రికార్డును 2024లో దాటింది ఎవరో తెలుసు కదా. ఆ ఛెత్రీయే, 40 ఏళ్ళ వయసులో.

#14 బెజవాడ_బూట్స్

ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారని నాకు ఇప్పుడే తెలిసింది. నా వాదన మాత్రం వెనక్కి తీసుకోను. 23 ఏళ్ళ ఛెత్రీకి జేసీటీలో ముందు వరసలో చోటు దొరికింది కాబట్టే 40 ఏళ్ళ ఛెత్రీ ఉన్నాడు. ఇవాళ్టి 23 ఏళ్ళ కుర్రాడికి ఆ చోటు ఎక్కడుంది?

#15 బొల్లారం_బ్యాక్‌లైన్

బెజవాడ తమ్ముడు చెప్పినదాంట్ల న్యాయం ఉంది. కుర్రాళ్ళకు ఐఎస్‌ఎల్ కింద గట్టి రెండో డివిజన్, మూడో డివిజన్ ఉండాలె. వారం వారం మ్యాచ్ దొరకాలె. లాంబర్ట్ అసుంటోడు నాలుగో డివిజన్‌ల బతికి పైకొచ్చిండంటే అక్కడ నాలుగో డివిజన్ అనేదొకటి ఉంది కాబట్టి. మన దగ్గర జట్టు వదిలేసిన పిల్లగానికి కింద పట్టుకునే మెట్టే లేదు. ఒకసారి జారితే సీదా ఇంటికే.

#16 నిర్వాహకుడు

లీగ్ నిర్మాణం మీద వేరే థ్రెడ్ తెరిచాను, ఆ వాదన అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఆటగాడి గురించే మాట్లాడుకుందాం.

#17 ఖమ్మం_కార్నర్

అందరికీ నమస్తే. నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను, అండర్-15 బ్యాచ్. ఈ థ్రెడ్ మొత్తం చదివాక ఒక సందేహం. 37 ఏళ్ళవాడికి వేగం ఉండదు. పక్కనున్న డిఫెండర్ పదిహేనేళ్ళు చిన్న. మరి 18 గోల్స్ ఎలా కొట్టాడు? మా పిల్లల్లో ఒకడు పొడగరి, బలం ఉంది, పరుగు తక్కువ. వాడికి ఏం చూపించాలి?

#18 గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా.

ఒగ్‌బెచే ఆటలో నేను గమనించినది ఒకటి. క్రాస్ (పక్కనుంచి గోల్ ముందుకు వేసే బంతి) వచ్చే ముందు ఆయన గోల్ వైపు చూడడు, డిఫెండర్ భుజం వైపు చూస్తాడు. ఒక చెయ్యి ఎప్పుడూ డిఫెండర్‌కు ఆనించే ఉంటుంది, ఎటు కదులుతున్నాడో కళ్ళతో పని లేకుండా తెలిసేలా. డిఫెండర్ బంతి కోసం తల తిప్పిన క్షణంలో ఈయన రెండడుగులు వెనక్కి, దూరపు పోస్టు వైపు జారుకుంటాడు. అందరూ దగ్గరి పోస్టుకు పరిగెడుతుంటే ఈయన ఆగిపోతాడు. అలా ఆగితేనే ఖాళీ దొరుకుతుంది. ఇరవై మీటర్ల పరుగు గెలవలేనివాడు రెండు మీటర్ల ఖాళీ గెలుస్తాడు. ఇది ఒక్క అకాడమీలో రాదు. ఫ్రాన్స్‌లో ఒక రకం డిఫెండర్లు, స్పెయిన్ రెండో డివిజన్‌లో చొక్కా పట్టి లాగేవాళ్ళు, ఇంగ్లండ్‌లో మోచేతులతో ఆడేవాళ్ళు, అందరి మధ్యా ఆడి ఆడి ఒంటికి పట్టిన విద్య అది. ఆయన తిరిగిన ఊళ్ళన్నీ ఆ రెండడుగుల్లో ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకోటి, బంతి పట్టుకున్నాక స్వార్థం ఉండదు. 2021 మార్చి 13న ముంబై, ఏటీకే మోహన్ బగాన్ ఫైనల్ చూడండి. స్కోరు 1-1, తొంభయ్యో నిమిషం. పొడుగు బంతి వచ్చింది, గోల్‌కీపర్ అరిందమ్ ముందుకొచ్చి పట్టు తప్పాడు. బంతి ఒగ్‌బెచే దగ్గరుంది. ఫైనల్, ఆఖరి నిమిషం, ఏ స్ట్రైకర్ అయినా తనే కొట్టాలనుకుంటాడు. ఈయన తొందరపడకుండా ఒదిగి నిలబడి, వెనక వస్తున్న బిపిన్ సింగ్‌కు అందించాడు. బిపిన్ కొట్టాడు, కప్పు ముంబైది.

#19 వైజాగ్_వింగర్

ఆ గోల్ బిపిన్ పేరుతోనే గుర్తుంది నాకు. ఇప్పుడే మళ్ళీ చూశాను. నిజమే, అక్కడ అంత నిదానంగా ఉండటం కుర్రాడి వల్ల కాదు.

అంచనాలు అందుకోలేదన్న మాట మీద మాత్రం మాస్టారు చెప్పింది ఆలోచించాల్సిందే. పదిహేడేళ్ళ వాడిమీద మనం పెట్టుకున్న ఆశకు ముప్పై ఏడేళ్ళవాడు జవాబు చెప్పాలా అన్నది ఒప్పుకుంటాను. ఇంకా కొంచెం గింజుకుంటుంది మనసు, ఎందుకంటే ఆ 2002 జట్టంటే నాకు అంత ఇష్టం.

#20 లెక్కల_మాస్టారు

ఒకటి మర్చిపోకూడదు. ఈయన వచ్చేనాటికి హైదరాబాద్ ఏ స్థితినుంచి లేచిందో. 2019-20లో మనది ఆఖరి స్థానం, 10 పాయింట్లు. కోచ్‌గా మనోలో మార్కెస్ వచ్చాక కుర్రాళ్ళతో జట్టు కట్టి మరుసటి ఏడాది అయిదో స్థానానికి తెచ్చాడు. ఆ కుర్రాళ్ళ మధ్యకు ఒగ్‌బెచే వచ్చాడు. లీగ్‌లో రెండో స్థానం, ఆపైన కప్పు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ, అంటే ఆయన కెప్టెన్‌గా ఆడిన జట్టే. గ్యాలరీలంతా పసుపు రంగు. రాహుల్ కేపీ గోల్‌తో వెనకబడ్డాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరంనుంచి కొట్టిన షాట్‌తో సమం చేశాం. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, హలిచరణ్ నర్జారీ ఆఖరిది కొట్టాడు, 3-1. ఫైనల్లో ఒగ్‌బెచే గోల్ లేదు. ఏటీకేతో సెమీస్ మొదటి మ్యాచ్‌లో సమం చేసిన గోల్ ఆయనది. అది లేకపోతే ఫైనల్ చేరేవాళ్ళమో లేదో.

#21 మాంచెస్టర్_అక్క

తర్వాత ఏమైందో కూడా రాయండి మాస్టారూ, కొత్తవాళ్ళకు తెలియాలి. 2023లో ఆయన, మార్కెస్ వెళ్ళిపోయారు. 2023-24లో క్లబ్బు జీతాల గొడవల్లో, ట్రాన్స్‌ఫర్ నిషేధంలో (కొత్త ఆటగాళ్ళను తీసుకోకూడదన్న శిక్ష) చిక్కుకుని, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే సీజన్ మధ్యలో వెళ్ళిపోయారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతికి కుర్రాళ్ళు మిగిలారు. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. రెండేళ్ళ కింద కప్పు ఎత్తిన జట్టది. చూసినకొద్దీ కడుపు తరుక్కుపోయేది.

#22 ఖమ్మం_కార్నర్

@గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ అన్నా, చాలా థ్యాంక్స్. 'ఆగితేనే ఖాళీ' అన్నది రేపే మా వాడితో మొదలుపెడతా. పిల్లలకు చూపించడానికి ఒక్క మ్యాచ్ చెప్పాలంటే ఏది చెబుతారు? ఫైనల్ వద్దు, అందులో వాళ్ళు పెనాల్టీలే చూస్తారు.

#23 గచ్చిబౌలి_తూర్పుగ్యాలరీ

2022 జనవరి 24, ఈస్ట్ బెంగాల్ మీద 4-0. మూడు గోల్స్ ఆయనవే. మొదటిసారి మామూలుగా చూడనివ్వు. రెండోసారి బంతిని వదిలేసి ఒగ్‌బెచేని మాత్రమే చూడమని చెప్పు, ఎప్పుడు నడుస్తున్నాడు, ఎప్పుడు ఆగుతున్నాడు, ఎప్పుడు కదులుతున్నాడు అని. మీ పొడగరి పిల్లాడికి కాగితం ఇచ్చి, గోల్ పడే ముందు డిఫెండర్ తల ఎటు తిరిగిందో రాయమను. మూడు గోల్స్‌కీ రాయించు. తర్వాత గ్రౌండ్‌లో క్రాస్‌లు వేయించి, దూరపు పోస్టు దగ్గర ఒక కోన్ పెట్టి, అక్కడికి అందరికంటే ఆలస్యంగా చేరమని చెప్పు. వారం తర్వాత ఏమైందో ఇక్కడ రాయి.

#24 బొల్లారం_బ్యాక్‌లైన్

ఖమ్మం తమ్మీ, ఆ కోన్ దగ్గర ఒక డిఫెండర్‌ను కూడా నిలబెట్టు. చెయ్యి ఆనించుడు నేర్పాలె, నెట్టుడు కాదు. నెడితే రెఫరీ విజిల్ వేస్తడు. అరచెయ్యి తెరిచి, వీపుకు కాకుండా భుజానికి కింద పక్కకు ఆనియ్యమను. నేను స్టాపర్‌గా, అంటే నడిమి డిఫెండర్‌గా ఆడినోణ్ణి. అట్ల ఆనించే ఫార్వర్డ్ అంటేనే మాకు టెన్షన్.